వెతికితే దొరకాలి, దొరికింది చదవాలి

ఈ సంవాదంలో మాట్లాడేవారు ఇద్దరు. ఒకరు నల్లగొండ జిల్లా కాలేజీల్లో తెలుగు చెప్పి, రిటైరయ్యాక మన్సూరాబాద్‌లో ఇల్లు కట్టుకున్న సారు. రెండోవారు ఆయన దగ్గర డిగ్రీ చదువుకుని, ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ తెలంగాణ సాంఘిక చరిత్ర మీద పీహెచ్‌డీ చేస్తున్న శిష్యురాలు. పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి నెట్‌లో పెడితే చాలా, లేక వాటిలోని ప్రతి మాటనూ వెతుక్కునేలా పూర్తి పాఠంగా మార్చాలా అన్నది చర్చ. ఆ రెండో పని మీద సారుకు నమ్మకం తక్కువ. శిష్యురాలి దృష్టిలో అసలు పని అదే.

శిష్యురాలు: సార్, నా పని ఎక్కడ ఆగిపోయిందో చెప్తాను. సరూర్‌నగర్, హయత్‌నగర్, మన్సూరాబాద్ ఇవన్నీ ఒకప్పుడు ఊళ్లు. నగరంలో కలవకముందు వీటి గురించి తెలుగు అచ్చులో ఏముందో చూడాలి. మన్సూరాబాద్ పేరు ఏ పుస్తకం అట్ట మీదా ఉండదు. ఉంటే గోలకొండ పత్రికలో ఓ మూల చిన్న వార్తగానో, ఎవరి ఆత్మకథలోనో ఒక్క వాక్యంగానో ఉంటుంది. కేటలాగు పుస్తకం పేరు, రచయిత పేరు చెప్తుంది గానీ లోపల ఏముందో చెప్పదు. లోపలి పేజీలను వెతికే వీలుంటేనే నా ప్రశ్నకు జవాబు.

సారు: వీలు లేకేం బిడ్డా? పొద్దున్నే ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కు, ఎంజీబీఎస్‌లో దిగు, అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి పో. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది అది. సుల్తాన్‌బజార్‌లో 1901 నుంచి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉండనే ఉంది. పాత సంపుటాలు ముందేసుకుని ఒక్కో పేజీ తిప్పు. నీకు కావలసింది దొరికేలోపు నువ్వు అడగని సంగతులు ఎన్నో కంటపడతాయి. పరిశోధకురాలిగా నిన్ను తయారుచేసేవి అవే.

శిష్యురాలు: తిప్పుతూనే ఉన్నాను సార్. కానీ ఆ కాలపు న్యూస్‌ప్రింట్‌లో ఆమ్లం ఎక్కువ. మడత దగ్గర వేలు పెడితే చాలు, ముక్క ఊడి చేతిలోకి వస్తుంది. నేను ఒకసారి తిప్పితే నా తర్వాత వచ్చేవాళ్లకు ఆ పేజీ ఉంటుందో ఉండదో. 2000 ఆగస్టు వరదలో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉన్న అరుదైన ఉర్దూ పుస్తకాలు నీళ్లలో నానిపోయిన సంగతి మీకు తెలిసిందే.

సారు: అందుకే స్కానింగుకు నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు. మన రాజ్‌రెడ్డిగారు కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఉంటూ పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయాలని తలపెట్టారు. అందులోంచే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. బెంగళూరు ఐఐఎస్‌సీ, మన ట్రిపుల్ ఐటీ దాన్ని భుజాన వేసుకున్నాయి. అలమారాల్లో మగ్గుతున్న తెలుగు పుస్తకాలు ప్రపంచానికంతా అందాయి. పుస్తకం కనబడుతున్నప్పుడు చదువుకోవడం నీ పని. ఇంకా ఏం కావాలి?

శిష్యురాలు: కనబడటానికే ఎంత తిప్పలో చూడండి. అక్కడ పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. సున్న వచ్చిన చోట ఒంటి కొటేషన్ గుర్తు పెట్టారు, దీర్ఘానికి ఒకచోట రెండు అక్షరాలు రాశారు, ఇంకోచోట ఒక్కటే రాశారు. ‘ఆంధ్ర’ అన్న మాటనే రకరకాలుగా కొట్టి చూడాలి. కొన్ని పుస్తకాలకు ముఖపత్రం స్కాన్ కాలేదు, ఏ సంవత్సరం ముద్రణో తెలియదు. కొన్నిటికి నడుమ పేజీలు లేవు. తర్వాత ఆ సైటే మూతపడింది. అప్పటికే కొందరు ఔత్సాహికులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు ఎక్కించారు కాబట్టి మిగిలాయి. ఇవాళ అక్కడ ‘డీఎల్ఐ 2015’ అన్న ముక్కతో, వెనక ఒక పొడుగాటి అంకెతో కనిపిస్తాయి. అవన్నీ పేజీల ఫొటోలు సార్. ఫొటోలో అక్షరం మన కంటికి అక్షరం, కంప్యూటర్‌కు నల్లటి మచ్చ. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, భారతి లాంటివి స్కాన్ చేయించి గొప్ప మేలు చేసింది. కానీ అక్కడ కూడా ముందు తేదీ తెలిస్తేనే పేజీ తెరుచుకుంటుంది. నాకు తెలియనిదే ఆ తేదీ.

సారు: సరే, నీ కష్టం అర్థమైంది. ఇప్పుడు నా అభ్యంతరం విను. సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వచ్చింది. 1955లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న తొలి తెలుగు పుస్తకం అదే. ఆయన క్రీడాభిరామం, సింహాసన ద్వాత్రింశిక, శుకసప్తతి, హంసవింశతి లాంటి కావ్యాలు మొదటి నుంచి చివరి దాకా చదివి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అన్నది ఏరారు. ఏ మాట కోసం వెతకాలో ఆయనకు ముందు తెలియదు. తెలియని ఆట పేరును వెతికే పెట్టెలో ఎలా టైపు చేస్తావు? నువ్వు అడిగినదానికే యంత్రం జవాబిస్తుంది. అడగడం తెలియాలంటే ముందు చదివి ఉండాలి.

శిష్యురాలు: ఒప్పుకుంటాను. ఆ పుస్తకం వెతుకులాటలోంచి పుట్టేది కాదు. కానీ దాని తర్వాత ఏం జరగాలి? హంసవింశతిలో ఆయన పట్టుకున్న ఒక ఆట పేరు ఇంకే కావ్యంలో ఉంది, ఏ శతకంలో ఉంది, ఏ ప్రాంతం కవి వాడాడు అని ఇంకొకరు చూడాలి కదా. పాత నిఘంటువులు తెరిస్తే అలాంటి మాటలకు క్రీడావిశేషం, భక్ష్యవిశేషం అని రాసి ఉంటుంది. అది ఎలాంటి ఆటో, ఏం తినుబండారమో నిఘంటువుకే తెలియదు. పది ప్రయోగాలు పక్కపక్కన పెట్టి చూస్తే గానీ అర్థం తేలదు. ఆ పది ప్రయోగాలు పది పుస్తకాల్లో చెదిరి ఉన్నాయి. ఒక మనిషి ఆయుష్షు చాలదు.

సారు: మా కాలంలో దానికీ దారి వేశారమ్మా. మంచి ముద్రణలన్నిటికీ చివర పద్యానుక్రమణిక ఉండేది. అకారాదిగా చూసుకుంటే పద్యం దొరికేది.

శిష్యురాలు: పద్యం మొదటి మాట గుర్తుంటే దొరికేది. నాకు మూడో పాదం నడుమ ఉన్న మాట కావాలి.

సారు: దానికి పదప్రయోగ కోశాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన నన్నయ పదప్రయోగ కోశం నా అలమారాలో ఇప్పటికీ ఉంది. నన్నయ ఏ మాటను ఎక్కడ వాడాడో పర్వం, ఆశ్వాసం, పద్యం సంఖ్యతో సహా చూపిస్తుంది. పండితులు ఒక్కో మాటకు ఒక్కో చీటీ రాసి, అమర్చి, సరిచూసి చేసిన పని అది.

శిష్యురాలు: నేను అడుగుతున్నది అదే సార్! పూర్తి పాఠం వెతకడమంటే ప్రతి పుస్తకానికీ ఒక పదప్రయోగ కోశం ఉండటం. చీటీలతో నన్నయకు చేయగలిగాం. హంసవింశతికి ఎవరు చేస్తారు? 1926లో మొదలైన గోలకొండ పత్రికకు ఎవరు చేస్తారు? 1934 నాటి గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులున్నారు. అందులో ఏ ఊరి కవులు ఎందరో, ఏ వృత్తుల వాళ్లున్నారో, ఎందరు ఏ ఛందస్సులో రాశారో తేల్చడానికి ఇవాళ మొత్తం సంచిక ముందేసుకుని కూర్చుని లెక్క రాయాలి. పాఠం చేతిలో ఉంటే ఆ లెక్క ఒక్క పూటలో తేలుతుంది, మిగిలిన నెలలన్నీ వాళ్ల కవిత్వం చదవడానికి మిగులుతాయి.

సారు: పాఠం చేతిలో ఉంటే అంటున్నావు. ఎలాంటి పాఠం? యంత్రం చదివిన పాఠాన్ని నేనూ చూశాను. ‘మ’ను ‘య’ అంటుంది, ‘ధ’ను ‘థ’ అంటుంది. అరసున్నను మరక అనుకుని వదిలేస్తుంది. పాత అచ్చులోని వలపలగిలకను ఏ అంకెగానో చదువుతుంది. పద్యానికి ప్రాణమైన ప్రాసాక్షరమే మారిపోతే అది ఏ కవి పద్యం?

శిష్యురాలు: నిజమే. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లు 2000 ప్రాంతంలోనే ‘దృష్టి’ పేరుతో తెలుగు ఓసీఆర్ మీద, అంటే ఫొటోలోని అచ్చును పాఠంగా చదివే సాఫ్ట్‌వేర్ మీద పనిచేశారు. ఇంగ్లీషులో అక్షరాలు వరుసగా పక్కపక్కన నిలబడతాయి. మనకు గుణింతం పైకెక్కుతుంది, ఒత్తు కిందికి దిగుతుంది, ఒక్కోసారి పక్కకు జరుగుతుంది. అచ్చు ఆకారాలు వేలల్లో ఉంటాయి. అందుకే ఆలస్యమైంది. ఇప్పటి ఓసీఆర్ చాలా మెరుగు, శుభ్రమైన అచ్చయితే ఎక్కువ భాగం సరిగ్గానే చదువుతుంది.

సారు: ఇప్పటిది ఇంకా ప్రమాదం. పాత యంత్రం తప్పు చదివితే అర్థంలేని అక్షరాల కుప్ప కనిపించేది, తప్పని వెంటనే తెలిసేది. ఇప్పటి యంత్రం తనకు అలవాటైన మాటలను బట్టి ఊహిస్తుంది. హంసవింశతిలోని అరుదైన మాటను తీసేసి దానికి దగ్గరగా ఉన్న మనకు తెలిసిన మాటను కూర్చోబెడుతుంది. వాక్యం చక్కగా చదువుకుపోతుంది, అసలు మాట మాయమవుతుంది. నువ్వు వెతికేది ఆ అరుదైన మాట కోసమే. వెతికితే దొరకదు. దొరకలేదు కాబట్టి ఆ కవి వాడలేదని థీసిస్‌లో రాస్తావు. పుస్తకం తిప్పినవాడు చేయని తప్పు ఇది.

శిష్యురాలు: ఈ మాటకు నా దగ్గర ఎదురు లేదు సార్. ‘వెతికితే రాలేదు’ అన్నదాన్ని ‘లేదు’ అని రాయకూడదు. నేనింకో చిక్కు చెప్తాను, ఇది యంత్రం తప్పు కాదు, మన భాష తీరు. నాకు చెరువుల గురించి కావాలి. పాత పుస్తకంలో బండి ఱతో ‘చెఱువు’ అని ఉంటుంది, నేను ‘చెరువు’ అని కొడితే రాదు. ‘తండ్రులు’ అని వెతికితే ‘తల్లిదండ్రులు’ రాదు, సంధిలో ‘త’ కాస్తా ‘ద’ అయిపోయింది. ‘ఇల్లు’ అని వెతికితే ‘ఇంట’, ‘ఇండ్లు’, ‘ఇళ్ళు’ ఏవీ రావు. దిల్‌సుఖ్‌నగర్ అని టైపు చేసేటప్పుడు ‘ల్’కూ ‘సు’కూ నడుమ కంటికి కనబడని ఒక గుర్తు పడుతుంది. అది ఒకరు పెట్టి ఇంకొకరు పెట్టకపోతే కంప్యూటర్‌కు అవి రెండు వేరువేరు ఊళ్లు. మన్సూరాబాద్, మన్సూరాబాదు, మన్‌సూరాబాదు అని ఎన్ని రకాలుగా రాసి ఉంటారో అన్ని రకాలుగా అడగాలి.

సారు: అంటే వ్యాకరణం తెలిసినవాడికే వెతకడం తెలుస్తుంది.

శిష్యురాలు: అవును. వ్యాకరణం తెలిసినవాళ్లు కంప్యూటర్ తెలిసినవాళ్ల పక్కన కూర్చుంటే ఆ తెలివిని వెతుకులాటకే నేర్పొచ్చు. అరసున్న ఉన్నా లేకున్నా ఒకటే అనుకో, ‘ఱ’ను ‘ర’ను కలిపి చూడు, గసడదవలను వెనక్కి తిప్పి చూడు అని చెప్పొచ్చు. ఆంధ్రభారతి నిఘంటుశోధన చూడండి. శబ్దరత్నాకరం, బ్రౌణ్యం, సూర్యరాయాంధ్ర నిఘంటువు అన్నీ ఒక్క పెట్టెలో మాట కొడితే పలుకుతాయి. దాన్ని కట్టినవాళ్లు ప్రభుత్వం కాదు, భాష మీద ప్రేమున్న ఒకరిద్దరు. పోతన భాగవతానికి అలాగే ఒక సైటు ఉంది, పద్యం, అర్థం అన్నీ వెతుక్కోవచ్చు. తమిళులు 1998లోనే ప్రాజెక్ట్ మదురై అని మొదలుపెట్టి వాలంటీర్లతో ప్రాచీన సాహిత్యం టైపు చేయించుకున్నారు. గ్రీకు వాళ్ల గ్రంథాలకు కాలిఫోర్నియాలో 1972లోనే పని మొదలైంది.

సారు: పోతనకు బాగానే ఉంటుంది. వేమన దగ్గరికి రా. బ్రౌన్ 1829లో 693 పద్యాలు వేశాడు, 1839లో 1164 వేశాడు. తర్వాత వచ్చిన సంకలనాల్లో వేలకు వేలు. మకుటం కొట్టి వెతికితే అన్నీ వస్తాయి. ఏది వేమనది, ఏది తర్వాతివాళ్లు మకుటం తగిలించింది? భారతానికే వావిళ్లవారి పాఠం ఒకటి, ఉస్మానియా విశ్వవిద్యాలయం సంశోధిత ముద్రణ ఒకటి. నెట్‌లో ఒకడు ఏదో ముద్రణ చూసి టైపు చేస్తాడు, అది ఏ ముద్రణో చెప్పడు, రెండోవాడు దాన్ని కాపీ చేస్తాడు. పరిష్కర్త పేరు పోతుంది, పాఠాంతరం పోతుంది. అది పుస్తకానికి చేసిన అన్యాయం.

శిష్యురాలు: అందుకే నేను ఉత్తి టైపు పాఠం అడగడం లేదు. వికీసోర్స్ పద్ధతి చూడండి. ఒకవైపు స్కాన్ చేసిన పేజీ ఫొటో, ఇంకోవైపు దాని పాఠం. ఓసీఆర్ ఇచ్చిన ముడిపాఠం ఎర్రరంగులో ఉంటుంది. ఒకరు ఫొటోతో పోల్చి దిద్దితే పసుపు అవుతుంది. రెండో మనిషి మళ్లీ చూస్తేనే ఆకుపచ్చ. దిద్దినవాళ్లే రెండోసారి ఆమోదించడానికి వీల్లేదు. ఏ ముద్రణో, ఏ సంవత్సరమో అక్కడే ఉంటుంది. మాట దొరికాక అనుమానం వస్తే ఒక్క నొక్కుతో అసలు పేజీ చూడొచ్చు. అచ్చాఫీసులో ప్రూఫులు రెండుసార్లు దిద్దించే పద్ధతే ఇది.

సారు: ఇది నచ్చింది. మా పుస్తకాలకు ఇద్దరు ప్రూఫ్‌రీడర్లను పెట్టడం మానేసి చాలా కాలమైంది. మరి ఎందరు దిద్దుతున్నారు?

శిష్యురాలు: చాలా కొద్దిమంది. అసలు కొరత అదే.

సారు: ఇంకో సంగతి. చచ్చిపోయిన కవులది సరే, బతికున్నవాళ్ల మాటేమిటి? తెలుగు రచయిత సొంత డబ్బుతో అయిదు వందల కాపీలు వేసుకుంటాడు. నెలలోపే దాని పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. కొన్నవాడు ఒక్కడు, పంచినవాళ్లు వందమంది. దీన్ని జ్ఞానదానం అంటారు.

శిష్యురాలు: అది దొంగతనమే, నేను సమర్థించను. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన సంవత్సరం తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు కుటుంబానిది. సురవరం 1953లో పోయారు కాబట్టి 2014 నుంచి ఆయన రచనలు అందరివీ. చలం 1979లో పోయారు, 2039 చివరి దాకా ఆగాల్సిందే. కానీ వెతకడం వేరు, పంచడం వేరు. అమెరికాలో హాతీట్రస్ట్ అని లైబ్రరీల కూటమి ఉంది. హక్కులున్న పుస్తకంలో మాట వెతికితే ఏ పేజీల్లో ఎన్నిసార్లు వచ్చిందో మాత్రం చెప్తుంది, పేజీ చూపించదు. చదవాలంటే పుస్తకం కొనుక్కోవాలి, లేదా లైబ్రరీకి వెళ్లాలి. గూగుల్ బుక్స్ మీద రచయితలు వేసిన కేసులో వెతుకులాటా, చిన్న తునక చూపించడమూ తప్పు కాదని అక్కడి అప్పీలు కోర్టు 2015లో చెప్పింది.

సారు: అది అమెరికా.

శిష్యురాలు: మన దగ్గరా 2012 సవరణ తర్వాత, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న పుస్తకాన్ని భద్రపరచడానికి డిజిటల్ రూపంలో దాచుకోవచ్చని చట్టంలో ఉంది. కనీసం ఆ వీలును వాడుకుందాం. మీ సాహిత్య వ్యాసాల పుస్తకం సంగతి చెప్పండి. దాన్ని ఎక్కడ కంపోజ్ చేయించారు?

సారు: డీటీపీ సెంటర్‌లో. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో.

శిష్యురాలు: ఆ పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి చూడండి, తెలుగు బదులు ఇంగ్లీషు గుర్తుల గజిబిజి వస్తుంది. ఆ ఫాంట్లు, అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్‌కు ముందటి పద్ధతివి. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచి చోటుంది. అయినా మన పుస్తకాలు దశాబ్దాలుగా ఇలాగే వస్తున్నాయి. అంటే నిన్న కంప్యూటర్‌లో పుట్టిన పుస్తకాన్ని కూడా ఇవాళ కంప్యూటర్ చదవలేదు. వందేళ్ల పుస్తకానికీ దానికీ తేడా లేదు.

సారు: ఇది నాకు తెలియదమ్మా. మార్చడానికి వీలుందా?

శిష్యురాలు: ఉంది. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఒత్తులు అక్కడక్కడ చెదురుతాయి, మళ్లీ ఒకసారి దిద్దాలి. రాసినవారే దిద్దితే అంతకన్నా శుద్ధమైన పాఠం ఉండదు.

సారు: అయితే ఆ ఫైలు తెప్పిస్తాను. కానీ నా షరతు మర్చిపోకు. వెతికి దొరికిన వాక్యంతో థీసిస్ రాయకు. దొరికిన చోట ఆగి ముందు పదిపేజీలు, వెనక పదిపేజీలు చదువు. ఆ మాట ఎవరు ఎవరితో అన్నారు, మెచ్చుకుంటూ అన్నారా, తిడుతూ అన్నారా అన్నది వెతుకులాట చెప్పదు.

శిష్యురాలు: చదువుతాను సార్. చదవాల్సిన పేజీ ఏదో తెలిస్తే చదవడానికి బద్ధకం ఎవరికీ ఉండదు.

ఇద్దరి వాదనా విన్నాక నా తీర్పు ఇది. స్కాన్ చేయడంతో తెలుగు పుస్తకానికి ప్రమాదం తప్పింది, కానీ సగం పనే అయింది. లోపలి మాట దొరకని పుస్తకం నెట్‌లో ఉన్నా పరిశోధకులకు లేనట్టే. శిష్యురాలి పక్షమే సరైనది. అయితే సారు పెట్టిన షరతులన్నీ నెరవేరితేనే అది సరైనది. పాఠం పక్కన అసలు పేజీ ఉండాలి, ముద్రణ వివరం ఉండాలి, ఇద్దరు మనుషులు దిద్ది ఉండాలి, బతికున్న రచయిత హక్కు చెక్కుచెదరకూడదు.

ఈ పని ఏ యంత్రమూ ఒంటరిగా చేయలేదు. అరసున్న ఎక్కడ రావాలో, ప్రాస ఎక్కడ తప్పిందో చూడగానే పట్టుకునే తెలుగు పండితులు, రిటైరైన టీచర్లు మన కాలనీల్లోనే ఉన్నారు. దిద్దడం తెలిసిన ఆ తరం ఉండగానే ఈ పని జరగాలి. ప్రచురణకర్తలు ఇకపై ప్రతి పుస్తకానికీ యూనికోడ్ ఫైలు దాచాలి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఒక్కో పాత గ్రంథాన్ని శుద్ధపాఠంగా సిద్ధం చేయడాన్ని పరిశోధనగా గుర్తించి డిగ్రీ ఇవ్వాలి. మీకు ఫోనో కంప్యూటరో ఉండి, తెలుగు తప్పుల్లేకుండా చదవడం వస్తే, ఇవాళే తెలుగు వికీసోర్స్ తెరవండి. మీకిష్టమైన పుస్తకంలో ఎర్రరంగులో ఉన్న ఒక్క పేజీ ఎంచుకుని దిద్దండి.